దొరకాలని దాచేది

"1939లో ఓడిపోయిన ఒక డాక్టరుగారికి 1923లోనే బందరులో ఒక ఆడపిల్ల పుట్టింది. తొంభై ఆరేళ్ళు నిండాక, 2020 ఏప్రిల్ 1న ఆమెకి పెళ్ళయింది. ఇంటిపేరు మారింది. ఎవరామె?"

లాక్‌డౌన్ మొదలైన కొత్తలో మా వాట్సాప్ గ్రూపులో పడిన ప్రశ్న ఇది. గ్రూపులో ఉన్నవాళ్ళమంతా ఢిల్లీ బేర్ సరాయ్‌లో సివిల్స్‌కి చదివినవాళ్ళం. జేఎన్‌యూ పాత క్యాంపస్‌కి ఎదురుగా, ఐఐటీకి కాస్త దూరంలో ఉంటుంది బేర్ సరాయ్. ఒకప్పుడు ఊరు. ఇప్పుడు ఎటు చూసినా అద్దె గదులు, పుస్తకాల షాపులు, స్పైరల్ బైండింగ్ వేసిన టాపర్ల నోట్సు అమ్మే జిరాక్సు షాపులు. సివిల్స్ కోసం ఢిల్లీ రైలెక్కే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఓల్డ్ రాజేందర్ నగర్ వెళతారు. జేఎన్‌యూ గాలి తగిలినవాళ్ళు మాత్రం ఇటు బేర్ సరాయ్, జియా సరాయ్, కట్వారియా సరాయ్ గదుల్లో సర్దుకుంటారు. 2020 మార్చిలో మా గదులు ఖాళీ అయ్యాయి. మే 31న జరగాల్సిన ప్రిలిమ్స్ అక్టోబరు 4కి వెళ్ళింది. చదివిందే చదువుతూ సొంత ఊళ్ళలో కూర్చున్న ఆ నెలల్లో ఒకరికొకరం చిక్కు ప్రశ్నలు పెట్టుకోవడం మొదలైంది.

పై ప్రశ్నలో మొదటి ముడి మాలో ఎవరికైనా క్షణాల్లో విడిపోతుంది. 1939 అనగానే త్రిపురి కాంగ్రెస్. అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్‌కి 1580 ఓట్లు, భోగరాజు పట్టాభి సీతారామయ్యకి 1377. పట్టాభి గారు వృత్తిరీత్యా వైద్యుడు, బందరులో ప్రాక్టీసు చేశారు. ఇక్కడిదాకా సివిల్స్‌కి చదివే స్పెక్ట్రమ్ చరిత్ర పుస్తకం నడిపిస్తుంది. ఆ తర్వాతే అందరం ఆగిపోయాం. ఆయన కూతుళ్ళ గురించి ఎవరికి తెలుసు? తెల్లారి ఒంగోలు తమ్ముడు రాశాడు: "అన్నా, పెళ్ళి అంటే యూనియన్ కదా!" వాళ్ళ పిన్నిది ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగం. ఏప్రిల్ 1న ఆవిడ బ్రాంచి యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 1923లో బందరులో పట్టాభి స్థాపించిన ఆంధ్రా బ్యాంకే ఆ ఆడపిల్ల. ఒక సగం పుస్తకంలోంచి వచ్చింది, ఇంకో సగం ఇంట్లోంచి. ఆ రెండూ ఒక్క వాక్యంలో కలిసినప్పుడు కలిగిన సంతోషం అంతకుముందు ఏ మాక్ టెస్టులోనూ నాకు కలగలేదు.

పరీక్ష ప్రశ్నా ఇదీ ఒకేలా కనిపిస్తాయి గానీ రెంటి నడకా వేరు. ప్రిలిమ్స్ జీఎస్ పేపరులో 100 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. లక్షల మందిలోంచి కొన్ని వేల మందిని మాత్రమే పైకి పంపడం దాని పని. నాలుగు ఆప్షన్లలో మూడు మనల్ని తప్పుదారి పట్టించడానికే అక్కడ ఉంటాయి. స్నేహితుల కోసం కూర్చే ప్రశ్నలో ప్రతి మాటా దారి చూపాలి. మొదటి చదువులో పక్కకి లాగినా, రెండో చదువులో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. చివరికి ఎవరికీ జవాబు రాకపోతే ఓడింది ప్రశ్న పెట్టినవాడే. క్విజ్ ఆడేవాళ్ళు మంచి ప్రశ్నని వర్కబుల్ అంటారు. గుర్తుంటే చెప్పు, లేకపోతే లేదు అన్నట్టు కాకుండా, తెలిసిన నాలుగు ముక్కలతో తెలియని జవాబుదాకా నడిచి వెళ్ళగలిగే ప్రశ్న అని దానర్థం. 1972 నుంచీ ఉన్న హైదరాబాదు కె-సర్కిల్ లాంటి క్లబ్బుల్లో ఈ అభిరుచి పెరిగింది.

మన అవధాన సభలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు చేసేదీ ఇదే. పైకి అసంబద్ధంగా, ఒక్కోసారి అనకూడనిదిగా వినిపించే పాదం ఒకటి ఇస్తాడు. అవధాని ముందు మూడు పాదాలు కట్టి దానికి చక్కటి అర్థం తెస్తాడు. దారే లేని సమస్య ఇచ్చిన పృచ్ఛకుణ్ణి సభ మెచ్చుకోదు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు పత్రికల్లో గళ్ళ నుడికట్లు కూర్చడానికి కూర్చున్నారంటే, ఆ పనిలో కవిత్వానికి దగ్గరైనది ఏదో వాళ్ళకి కనిపించే ఉంటుందని నా నమ్మకం. ఇంగ్లిష్ క్రాస్‌వర్డులకి నియమాలు రాసిన జిమెనీజ్ కూడా 1966లో వచ్చిన తన పుస్తకంలో న్యాయం గురించే పట్టుబట్టాడు. ఆధారంలో పని చెయ్యని మాట ఒక్కటి కూడా ఉండకూడదంటాడు.

మా పద్ధతి ఇప్పటికీ మారలేదు. ఆదివారం రాత్రి తొమ్మిదికి ఒకరు ప్రశ్న పెడతారు. డాలస్‌లో ఉన్నవాళ్ళకి అప్పుడు పొద్దున్న. జవాబు తట్టినవాళ్ళు గ్రూపులో రాయకుండా ప్రశ్న పెట్టినవాళ్ళకి విడిగా పంపాలి. దాన్ని పౌన్స్ అంటాం. పౌన్స్ తప్పితే ఆ వారం ఇక నోరు మెదపకూడదు. మిగతావాళ్ళు ఎక్కడిదాకా వచ్చారో, ఏ ముక్క అతకడం లేదో అందరి ముందూ రాస్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ చర్చే. ఒకరి తప్పు ఊహ ఇంకొకరికి మెట్టవుతుంది. గూగుల్ చూడొద్దని ఎవరి దగ్గరా ఒట్టు వేయించుకోలేదు. వెతికితే దొరికే ప్రశ్న పెట్టకపోవడం పెట్టేవాళ్ళ బాధ్యత. బందరు డాక్టరు కూతురి పెళ్ళి గురించి ఏ సెర్చ్ ఇంజనూ ఏమీ చెప్పలేదు.

మాలో అందరికంటే బాగా ప్రశ్న కూర్చేవాడికి సర్వీసు రాలేదు. జనరల్ కేటగిరీకి ఆరు అటెంప్టులు, 32 ఏళ్ళ వయసు. అతని విషయంలో రెండూ దాటిపోయాయి. బేర్ సరాయ్ గది ఖాళీ చేసేటప్పుడు పుస్తకాలు పాతపుస్తకాల షాపుకి ఇచ్చేసి, ఇప్పుడు గుంటూరులో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాడు. ఇన్నేళ్ళు ఏం చదివావని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. ఆ చదువంతా ఎంత ప్రాణంతో ఉందో చూడాలంటే అతని ప్రశ్నలు చదవాలి. నోట్సులో ఒక్క లైనుగా గుర్తుపెట్టుకున్న మనిషి అతని చేతిలో మళ్ళీ మనిషవుతాడు.

మొన్నటి అతని ప్రశ్న: "ఈ కృష్ణా జిల్లా మనిషి పేరు ముందు లోకం మూడు మాటలు చేర్చింది: వజ్రం, పత్తి, జపాన్. ఆయన ఇప్పటికీ గుర్తుండటానికి కారణం ఈ మూడూ కాదు. ఆ కారణాన్ని మీరు ఏటా రెండుసార్లు తలెత్తి చూస్తారు."

గనుల దగ్గర మొదలుపెట్టి కొల్లూరు, కోహినూరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. రెండు గంటలు గడిచాక వరంగల్ అక్క పౌన్స్ పంపింది. పింగళి వెంకయ్య. భూగర్భశాస్త్రం తెలిసినవాడు కాబట్టి డైమండ్ వెంకయ్య, కంబోడియా పత్తి మీద పరిశోధన చేశాడు కాబట్టి పత్తి వెంకయ్య, 1913లో బాపట్లలో జపనీస్ భాషలో ఉపన్యాసం ఇచ్చాడు కాబట్టి జపాన్ వెంకయ్య. 1921లో బెజవాడలో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చిన వెంకయ్యని మేమంతా ఎరుగుదుం. మిగతా ముగ్గురు వెంకయ్యలనీ మాలో చాలామంది ఆ రాత్రే కలిశాం.

జవాబు బయటపెట్టాక అతను రాశాడు: "తలెత్తి అన్న మాట ఉంచాలా తీసెయ్యాలా అని చాలాసేపు ఆలోచించానక్కా. మరీ సులువైపోతుందేమోనని."

"అది ఉంది కాబట్టే నాకు వచ్చింది తమ్ముడూ," అంది అక్క.