గజేంద్రుడి కథ పిల్లలకు చెప్పేటప్పుడు

దారులన్నీ మూసుకుపోయినట్టు తోచినప్పుడు దేవుణ్ణి నమ్ముకోవడం ఎలాగో పిల్లలకు నేర్పడానికి తెలుగు ఇళ్ళలో తరతరాలుగా చెబుతున్న కథ గజేంద్రమోక్షం. ఇది వ్యాసుడి భాగవతం ఎనిమిదో స్కంధంలోది. పదిహేనో శతాబ్దంలో బమ్మెర పోతన తెలుగు చేశాక పండితుల తాళపత్రాలు దాటి అరుగుల మీదికీ వంటిళ్ళలోకీ వచ్చింది. అక్షరం రాని అవ్వలు కూడా ఆ పద్యాలు నోటికి చెప్పేవారు. ప్రహ్లాదుడి కథా ఉంది. కానీ ఎన్ని హింసలు పెట్టినా ప్రహ్లాదుడు బెదరడు, అనుమానపడడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడనో, అప్పులకు పొలం పోతోందనో రాత్రి నిద్రపట్టని పిల్లవాడికి అతను అందనంత ఎత్తులో ఉంటాడు. ఏనుగుల రాజైన గజేంద్రుడు భయపడతాడు, అలిసిపోతాడు, సందేహిస్తాడు. అందుకే దగ్గరివాడు.

కథను చెడగొట్టేది తొందర. ఏనుగు నీళ్ళలో దిగింది, మొసలి పట్టింది, దేవుడు వచ్చాడు, చక్రం వేశాడు అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. అలా విన్న పిల్లవాడు, పిలవగానే దేవుడు వచ్చి తీరతాడని అనుకుంటాడు. తన ఇంట్లో అలా జరగకపోతే తన పిలుపులోనే లోపం ఉందనుకుని కుమిలిపోతాడు. భాగవతంలో ఆ పోరు వెయ్యేళ్ళు సాగింది. నీళ్ళు మొసలికి ఇల్లు కాబట్టి దానికి బలం పెరుగుతూ వచ్చింది, ఏనుగుకు తరుగుతూ వచ్చింది. తోటి ఏనుగులు వెనకనుంచి పట్టి లాగినా విడిపించలేకపోయాయని వ్యాసుడు చెప్పాడు. ఈ ఘట్టం దగ్గర కథ చెప్పేవారు నిదానించాలి. ప్రేమించేవాళ్ళు చుట్టూ ఉండి కూడా ఏమీ చేయలేని స్థితి పిల్లలకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళ ముఖాల్లో రోజూ చూస్తూనే ఉంటారు.

పోతన మరో మెట్టు దిగాడు. అందరూ ఉన్నాడని చెప్పే ఆ దేవుడు అసలు ఉన్నాడా అన్న అనుమానాన్ని ఏనుగు చేతనే పలికించాడు. ఆ తర్వాతే ఒంట్లో సత్తువ లేదని, గుండె నిబ్బరం పోయిందని, ప్రాణం కుదురుగా లేదని దాచకుండా చెప్పుకుని రక్షించమని వేడుకునే పద్యం వస్తుంది. అనుమానపడినందుకు ఏనుగును ఎవరూ మందలించరు. దేవుడు రావడం మానుకోడు కూడా. పిల్లవాడు ‘దేవుడు నిజంగా ఉన్నాడా’ అని అడిగితే ‘తప్పు, కళ్ళు పోతాయి’ అని నోరు మూయించడం పోతన కథకు విరుద్ధం. ఆ ప్రశ్నను దేవుడి ముందే పెట్టమనడం కథకు తగిన జవాబు.

ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్య రాజని, అగస్త్యుడి శాపం వల్ల ఇలా పుట్టాడని కథలో ఉంది. మొసలికీ ఒక శాపం ఉంది. కష్టంలో ఉన్న పిల్లలకు దీన్ని ముందే చెప్పడం మంచిది కాదు. అమ్మ జబ్బుకు ఎవరి పాపం కారణమో వెతకడం మొదలుపెడతారు, చాలాసార్లు అది తమదేనని తేల్చుకుంటారు. పూర్వజన్మ నుంచి వాళ్ళకు పనికొచ్చే విషయం ఇంకొకటుంది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు ఏనుగు కొత్తగా ప్రార్థన కట్టుకోలేదు, వెనకటి జన్మలో నేర్చుకున్న స్తోత్రాన్నే తలచుకుని చదివింది. పిల్లలకు పద్యాలు, ప్రార్థనలు ఆపద లేని రోజుల్లోనే నోటికి రావాలి. భయంలో ఉన్నవాడికి మాటలు వెతుక్కునే ఓపిక ఉండదు.

విష్ణువు లక్ష్మికి చెప్పకుండా, ఆయుధాలు తీసుకోకుండా బయల్దేరాడన్న పోతన పద్యం మీద ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. ఉత్త చేతులతో వెళ్ళి ఏం రక్షిస్తాడని కవి శ్రీనాథుడు వేళాకోళం చేశాడట. పోతన బావిలో రాయి పడేసి, ‘నీ బిడ్డ బావిలో పడ్డాడు’ అని అరిచాడట. శ్రీనాథుడు తాడూ నిచ్చెనా ఏదీ లేకుండానే పరుగెత్తాడట. చరిత్ర మాటెలా ఉన్నా, దేవుడి ఆత్రం ఎలాంటిదో పిల్లలకు ఇంతకంటే సూటిగా చెప్పే కథ దొరకదు.

వ్యాసుడి భాగవతంలో ఇంకొక చిన్న దృశ్యం ఉంది. గరుడుడి మీద హరి వస్తుంటే చూసి ఏనుగు తామరపువ్వు పట్టుకున్న తొండాన్ని పైకెత్తి, కష్టం మీద నమస్కారం పలుకుతుంది. అప్పటికి కాలు ఇంకా మొసలి నోట్లోనే ఉంది. చిన్న పిల్లలకు ఈ బొమ్మ గీయమని ఇస్తే చాలు, వేరే వివరణ అక్కర్లేదు.

ఆ పై వయసు పిల్లలు అడుగుతారు: అందరినీ ఇలాగే కాపాడతాడా? అవునని మాట ఇవ్వకూడదు. ఈ కథను శుక మహర్షి నోట విన్న పరీక్షిత్తు రాజుకు ఏడు రోజుల్లో పాముకాటుతో చావు రాసిపెట్టి ఉంది. భాగవతమంతా విన్నా ఆ చావు తప్పలేదు. చివర్లో అతను శుకుడితో అన్నది తనను కాటు వేయబోయే తక్షకుడంటే ఇక భయం లేదని. పదేళ్ళు దాటిన పిల్లలకు గజేంద్రుడితో పాటు పరీక్షిత్తు కథనూ చెప్పాలి, వీలైతే ఒకే విడతలో.