కమలినికి నిద్ర ఎందుకు పట్టలేదు?

గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయింది. నూరేళ్లకు పైగా దాన్ని మనం సంఘసంస్కరణ కథగానే చదువుతున్నాం. వేశ్య పాట మరిగిన గోపాలరావుకు చదువుకున్న భార్య బుద్ధి చెప్పింది, అతడు దిద్దుకున్నాడు, అంతటితో సరి. డిగ్రీ తరగతుల్లో నేనూ ఏళ్ల తరబడి ఈ మాటలే చెబుతూ వచ్చాను. ఒకనాడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “సార్, మంచం కింద ఉన్నామెకు నవ్వెట్ల వచ్చింది?” అని అడిగింది. తరగతి అంతా గొల్లుమంది. నాకు మాత్రం జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న పట్టుకొని కమలిని ఉత్తరాన్ని మళ్లీ చదివాను. ఆమె మొదట చెప్పుకున్నది కోపం గురించి కాదు, రాత్రుల గురించి. పది రోజులుగా మగడు రాత్రులు ఇంటికి రావడం లేదు, ఆమెకు కంటిమీద కునుకు ఉండి ఉండదు. లోకహితం కోసం మీటింగులకు పోతున్నానని అతడు చెప్పాడు, ఆమె నమ్మింది. నిజం స్నేహితురాండ్ర వల్ల తెలిసింది. తాను ఇంట్లో ఉండడం వల్లనే గదా భర్త అబద్ధమాడవలసి వచ్చిందని రాసి, పుట్టింటికి పోతున్నానన్నది. ఇందులో ఎత్తిపొడుపు ఉంది, కాదనను. కాని నిద్రలేమి ఎత్తిపొడుపు కాదు. నమ్మిన మాట కల్ల అని తేలడం, తప్పు ఎక్కడో తనలోనే ఉందేమోనన్న దిగులు, తెల్లవార్లూ తెరిచి ఉన్న కళ్లు: ఇవాళ్టి మానసిక వైద్యులు దాంపత్యద్రోహానికి గురైనవారిలో గుర్తించే లక్షణాలు ఇవే. పెద్ద ప్రమాదం నుంచి బయటపడిన మనిషికి లాగే వీరికీ చూసినవీ చూడనివీ కళ్లముందు తిరుగుతాయి, చిన్న అలికిడికి గుండె అదురుతుంది. గురజాడ దీన్ని నాలుగు వాక్యాల్లో పట్టుకున్నాడు. పట్టుకొని, చివర ఒక నవ్వుతో వదిలేశాడు. కథంతా గోపాలరావు గాభరానూ పశ్చాత్తాపాన్నీ వెంబడిస్తుంది. కమలిని మనకు కనపడేది కాగితంలోనే.

అయితే ఇది గురజాడ ఒక్కడి లోపం కాదు. మన సాహిత్యంలో ఈ బాధకు ఉన్న పేరు అలక. నంది తిమ్మన సత్యభామను తలుచుకోండి. పారిజాతం రుక్మిణికి చేరిందని విన్నది మొదలు ఆమె పడే వేదనను కవి ఎంత వర్ణించినా, దాని గమ్యం కృష్ణుడు కాళ్ల మీద పడడమే, పెరట్లోకి చెట్టు రావడమే. చెట్టు వస్తే జబ్బు నయం. రసికులకు అలక ముచ్చటగా ఉంటుంది. అలిగినవాళ్లకు ఎలా ఉంటుందో అడిగే అలంకారశాస్త్రం మనకు లేదు. మగవాడికి ఇదే దెబ్బ తగిలితే సంగతి వేరు. భార్య మోసం చేసిందని భర్తృహరి రాజ్యం వదిలాడని ఐతిహ్యం. అతని మనోవ్యాధికి వైరాగ్యమనే గౌరవం దక్కింది, శతకమూ దక్కింది.

మరి ఆడదాని వ్యాధికి ఏ పేరు దక్కుతుందో మా ఊళ్లో చూశాను. మాది కొడిమ్యాల. మా వాడకట్టులో బీడీలు చేసే ఒకామె భర్త భివండి సాంచాలకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. పండుగలకు ఇంటికి వచ్చేవాడు, డబ్బు పంపేవాడు, ప్రేమగానే మాట్లాడేవాడు. ఆరేండ్లకు గాని సంగతి బయటపడలేదు. ఆ తర్వాత ఆమెకు బీడీ కట్టలు లెక్క తప్పడం మొదలైంది. అర్ధరాత్రి లేచి పెట్టె తీసి పాత ఉత్తరాలు ముందేసుకునేది. గాలి పట్టిందన్నారు. దగ్గరే ఉన్న కొండగట్టుకు తీసుకుపోయారు. మతి చెదిరినవారిని అంజన్న సన్నిధిలో ఉంచడం మా ప్రాంతంలో తరతరాల అలవాటు. ఆ విశ్వాసాన్ని నేను వెక్కిరించను. భర్త చేసిన పనిని గాలి మీదికి నెట్టేసి ఇల్లంతా ఊపిరి పీల్చుకోవడమే నాకు బాధ కలిగించింది. కొన్నాళ్లకు తిరిగి వచ్చాక నాతో అన్నది: “వాడు పోయినందుకు కాదు తమ్మీ. ఈ ఆరేండ్లు నాతోని మాట్లాడిన మాటలల్ల ఏది నిజమో, ఏది అబద్ధమో ఏరుకుంట కూసుంటున్న. ఒడుస్తలేదు.”

కమలిని ఉత్తరానికి ఇంతకు మించిన వ్యాఖ్యానం నేను ఏ విమర్శ గ్రంథంలోనూ చదవలేదు. పోయింది భర్త ఒక్కడే కాదు, ఆరేండ్ల గతం పోయింది. తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేని స్థితి అది.

చట్టం కూడా చాలాకాలం ఈ గాయాన్ని గుర్తించలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ పరాయి భార్యతో పోయిన పురుషుణ్ణి శిక్షించేది. ఫిర్యాదు హక్కు ఆమె భర్తది. ఆ పురుషుడి సొంత భార్యకు నోరే లేదు. అంటే అక్కడ జరిగిన నష్టం ఆస్తికే గాని మనసుకు కాదు. 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. మంచిదే. భివండి భర్తను జైల్లో పెడితే మా వాడకట్టు ఆమెకు నిద్ర పట్టేదని నేననుకోను.

ఇక మన మాట. అభ్యుదయ విమర్శకులం మనం ‘దిద్దుబాటు’లో సమాజాన్ని చూశాం, వేశ్యావ్యవస్థను చూశాం, స్త్రీవిద్యను చూశాం. మనసు అనేసరికి అది వ్యక్తివాదమనీ, తీరుబడి ఉన్నవాళ్ల జబ్బనీ పక్కకు తోశాం. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో తల్లి నడతను గురించి లోకం గుసగుసలాడితే, ఆ నీడ కొడుకు దయానిధి బతుకంతా ఎలా వెంటాడిందో చూపించాడు. మనలో చాలామందికి అందులో పలాయనమే కనిపించింది. నేనూ ఎం.ఏ.లో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. బీడీలు చుట్టుకుని బతికే మనిషికి తీరుబడి ఎక్కడిది? ఆమె మనసు చెదరడం వర్గసమస్య కాదా? వలసా, కూలీ, ఒంటరి కాపురమూ కలిసి చేసిన పని కాదా?

మరుసటి ఏడు అదే పాఠం చెప్పి, మంచం కింద ఉన్నంతసేపు కమలిని ఏం చేస్తూ ఉండి ఉంటుందో రాయమన్నాను. భర్తను ఎలా ఆటపట్టించాలా అని ఆలోచిస్తూ ఉంటుందని అబ్బాయిలు చాలామంది రాశారు. ఒక అమ్మాయి రెండే వాక్యాలు రాసింది. కమలిని ఒక చేత్తో రెండో చేతి గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని ఉందట. వచ్చే ఆ అడుగులు తనింటికి వచ్చేవేనా, కాదా అని వింటూ ఉందట.