పదిహేను మేకల లెక్క

శ్రీనివాసపురం తాలూకాలో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకొని ఉన్న రాయల్పాడు వైపు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మామిడితోట కాపలాకు కూర్చున్నవాళ్లకు ఒక చదును బండ, బొగ్గుముక్క ఉంటే చాలు, పులిజూదం మొదలవుతుంది. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతపిక్కలు.

శిఖరం నుంచి నాలుగు ఏటవాలు గీతలు దిగుతాయి. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, వాటి కొసలను కలుపుతూ ఇటొక నిలువు, అటొక నిలువు. అట్టడుగున ఏటవాలు గీతల కాళ్లను కలిపే గీత. మొత్తం 23 కూడళ్లు. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే పులికి ఆ మేక దక్కినట్టే. మూడు పులులకూ కదలిక లేకుండా చేస్తే మేకల గెలుపు. ఎన్ని మేకలు పోతే ఓటమి అన్నది మాత్రం ఊరూరికీ మారుతుంది.

పేకాటలో బ్రిడ్జ్ ఆడేవాళ్లు ఎదుటి రెండు చేతుల్లో ఉన్న అయిదు ముక్కలు మూడు, రెండుగా చీలే అవకాశం నూటికి 68 అని లెక్కేసి దారి ఎంచుకుంటారు. ఇక్కడ దాచిన ముక్కే లేదు. అంతా కళ్ల ముందే. అయినా ఓడిపోతాం!

కొత్తవాడు మొదటి మేకను నడిమధ్యలో పెడతాడు. అది పులికి ఫలహారం. తెలిసినవాడు మూలలతో మొదలుపెడతాడు. మూలన ఉన్న మేక వెనక గీతే లేదు కాబట్టి దాని మీదుగా దూకడం కుదరదు. అట్టడుగు గీతలో మూల నిండితే దాని పక్క మేకకూ భయం లేదు: ఒక వైపు నుంచి దూకితే వాలడానికి చోటుండదు, రెండో వైపు మేకే కూర్చుంది. అలా అంచు నుంచి లోపలికి ఒకదాని వీపు ఒకటి కాస్తూ రావాలి. పులి ఊరుకోదు, తానే వచ్చి మూలన కూర్చుంటుంది. అయితే అడుగు మూలలో దానికి రెండే దారులు. పక్కన రెండు, వాటి వెనక రెండు, నాలుగు మేకలతో దాన్ని కట్టేయొచ్చు.

నేపాల్‌వాళ్ల బాగ్‌చాల్ దీనికి చుట్టమే: 25 కూడళ్లు, నాలుగు పులులు, ఇరవై మేకలు. ఇద్దరూ తప్పు చేయకపోతే అది సమంగా ముగుస్తుందని కంప్యూటర్లతో తేల్చారు. మన ఆటలో మాత్రం తప్పు చేయించే ఘట్టం ఒకటి కచ్చితంగా వస్తుంది.

మేకలన్నీ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పదిహేనూ దిగాక, ఒక్కటీ పోకపోయినా, మిగిలేది అయిదు ఖాళీలే. ఇక ప్రతి వంతులో ఏదో ఒక మేక కదలాల్సిందే, అంటే చక్కగా కట్టిన గోడను మన చేత్తోనే విప్పాలి. అందుకే ముందుచూపున్నవాడు ఒక మేకను పులులకు దూరంగా, పక్కనే ఖాళీ ఉండేలా వదిలేస్తాడు. వంతు వచ్చినప్పుడల్లా అది అటూ ఇటూ జరుగుతూ కాలం గడుపుతుంది.

ఆ ఒక్క మేకను దాచుకోవడం నాకు చిన్నప్పుడు చేతకాలేదు. పదిహేనో చింతపిక్క పెట్టి గెలిచాననుకునేవాణ్ణి. తాత తన పులిని ఒక కూడలి పక్కకు జరిపి, బీడీ వెలిగించి, ‘‘ఊఁ, కదుపు నాయనా’’ అనేవాడు.