కోరమాండల్ తీరంలో చెట్టూ చేపా పిట్టా

18వ శతాబ్దం చివరి పాదం నుంచి 19వ శతాబ్దం నడిమి వరకు విశాఖపట్నానికీ మద్రాసుకూ మధ్య తీరం వెంట ఒక ప్రత్యేకమైన చిత్రకళ వర్ధిల్లింది. ఈస్టిండియా కంపెనీ వైద్యులు, సర్వేయర్లు తాము తిరిగిన చోట్ల కనబడిన మొక్కలు, చేపలు, పాములు, పక్షులు, గుట్టలు, శిథిలాలను స్థానిక చిత్రకారుల చేత గీయించారు. 1788లో గుంటూరు సర్కారు, 1801లో ఒంగోలు, నెల్లూరు సీమలు కంపెనీ చేతికి రావడంతో ఈ తీరమంతా ఒకే పాలన కిందికి వచ్చింది. రంగుకూ మందుకూ కలపకూ పనికొచ్చే చెట్లేవో తెలుసుకోవడం కంపెనీ అవసరం. ఆ అవసరం కోసం పుట్టిన బొమ్మలే అయినా వీటిలో గొప్ప కళ ఉంది.

వీటిలో మేటి గ్రంథం విలియం రాక్స్‌బర్గ్‌ది. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న ఈ స్కాటిష్ వైద్యుడు చిత్రకారులను కుదుర్చుకుని వందల మొక్కలను గీయించాడు. లండన్‌కు పంపిన 500 చిత్రాల్లోంచి అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ 300 ఎంపిక చేశాడు. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ పేరుతో అవి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. పల్నాడు గుట్టల మీద వేసవికి ముందే ఎర్రగా విరగబూసే మోదుగ అందులో ఉంది. బురదనీటిని తేటపరిచే గింజల ఇండుప, విషపు ముష్టి, చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి కూడా ఉన్నాయి. మూడో చిత్రమే చిరివేరు. ఇసుకనేలల్లో పెరిగే ఈ చిన్న మొక్క వేరుపట్ట పటికతో కలిసి నూలుబట్టకు చెక్కుచెదరని ఎరుపునిస్తుంది. నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నాన్ని 17వ శతాబ్దపు యూరోపియన్ వర్తకులు పెటపోలి అనేవారు. ఆ చుట్టుపక్కల దొరికే చిరివేరుకు వాళ్లలో మంచి గిరాకీ ఉండేది.

పని తీరు ఇలా సాగేది. కొమ్మను కోసి తేగానే, వాడిపోకముందే సన్నని గీతతో ఆకారం పట్టుకోవాలి. కొలత వీలైనంతవరకు అసలు కొమ్మదే. కొమ్మ పెద్దదైతే ఆకును మడిచో, కాగితం అంచు దగ్గర తెంచో చూపేవారు. ఒక ఆకునైనా తిప్పి వేసి అడుగుభాగం ఈనెలు కనబడేలా చేసేవారు. తుమ్మజిగురు కలిపిన రంగులను పలచగా పొరమీద పొరగా వేసి, నునుపైన ఆకుల మీద జిగురు కాస్త ఎక్కువ పట్టించి మెరుపు తెచ్చేవారు. పువ్వును విడదీసి రేకులు, కేసరాలు, అండాశయం, గింజ వేరువేరుగా కాగితం కింది భాగాన గీసేవారు. ఈ చివరి పని యూరప్ శాస్త్రజ్ఞులు నేర్పినది. గీత బిగువు, ఆకుల అమరికలోని లయ, వెనుక ఏ దృశ్యమూ లేకుండా తెల్లగా వదిలేయడం ఇక్కడి చిత్రకారులవి. ఈ కలయికే వీటి అందానికి మూలం. లండన్‌లో రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసి, ఒక్కో ప్రతికీ చేత్తో రంగులద్దారు. ఆ అచ్చులో తొలి బొమ్మల మార్దవం కొంత పోయింది.

చేపలతో చిక్కు వేరు. నీటినుంచి తీసిన కాసేపటికే రంగు మారిపోతుంది. విశాఖలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అక్కడ దొరికిన 200 చేపల బొమ్మలను వర్ణనలతో సహా 1803లో ప్రచురించాడు. వాటిలో కొన్ని జాతులకు తరవాతి శాస్త్రజ్ఞులు కేవలం ఆ బొమ్మలను చూసే పేర్లు పెట్టారు. అంటే ఆ జాతికి ఆ బొమ్మే మూలసాక్ష్యం. 1796లో వచ్చిన అతని పాముల పుస్తకం రక్తపింజరిని ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే నమోదు చేసింది. పక్షులకు నెల్లూరులో సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డన్ ముఖ్యుడు. 1843-47 మధ్య మద్రాసులో వచ్చిన అతని 50 చిత్రాల పుస్తకంలో భారతీయ చిత్రకారుల పని ఉంది.

నేలనూ కట్టడాలనూ చూపే బొమ్మలకు కల్నల్ కాలిన్ మెకంజీ సర్వేలు ఆధారం. 1798లో అమరావతి బౌద్ధ స్తూపపు దిబ్బను చూసిన ఆయన 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చి దిబ్బ నకాశానూ, శిల్ప ఫలకాలనూ గీయించాడు. తరవాత పోగొట్టుకున్న ఫలకాలు కొన్నింటికి మనకు మిగిలింది ఆ బొమ్మలే. 1845లో అక్కడే తవ్వించిన వాల్టర్ ఇలియట్ కూడా జంతువుల బొమ్మలు గీయించాడు. తెలుగు మొక్కల పేర్ల పట్టిక ‘ఫ్లోరా ఆంధ్రికా’ను 1859లో ప్రచురించాడు.

గీసినవారి పేర్లు మాత్రం చాలావరకు పుస్తకాలకెక్కలేదు. సామర్లకోట చిత్రకారులెవరో పుస్తకం చెప్పదు. ఇది క్షమించరాని లోటు, ఎందుకంటే ఆ బొమ్మల్లో సగం విజ్ఞానం వాళ్ల చూపుదే. రాబర్ట్ వైట్ దీనికి కొంత మినహాయింపు. ఆయన 2,000కు పైగా చిత్రాల మొక్కల గ్రంథానికి పనిచేసిన రంగయ్య, గోవిందు పేర్లు నిలిచాయి. గోవిందు పేరు మీద ఆయన ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని నామకరణం చేశాడు. రాక్స్‌బర్గ్ గీయించిన మొత్తం 2,500కు పైగా చిత్రాల ప్రతులు కోల్‌కతా వృక్షోద్యానంలోనూ, లండన్ క్యూ తోటలోనూ ఉన్నాయి. మొక్కల పేర్లు తేల్చవలసి వచ్చినప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు నేటికీ వాటిని సంప్రదిస్తారు.