మంచం పక్కన చిన్న బల్ల

పాత గూనపెంకల ఇళ్లలో మంచం పక్కన బల్ల ఉండేది కాదు, దాని అవసరమూ ఉండేది కాదు. మూరెడు మందం మట్టిగోడలో తలవైపున ఒక గూడు వదిలేవారు. దీపం, అగ్గిపెట్టె, కళ్లద్దాలు, పిల్లలకు తాగించే మందు అన్నీ అందులోకే. నులక మంచం నేలకు దగ్గరగా ఉండేది గనుక నీళ్ల చెంబు కింద పెట్టినా పడుకున్న మనిషికి అందేది. ఇప్పుడు లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలకు చిక్కిపోయాయి. మంచం పరుపుతో కలిసి రెండడుగుల దాకా లేచింది. గూడు చేసిన పనిని ఇప్పుడు బల్ల చేయాలి.

అమ్మకు రాత్రిపూట మాత్రలు, నీళ్లు, కళ్లద్దాలు, ఫోను చేతికందాలి. దుకాణాల్లో పక్కబల్లలు చూశాను. చాలావరకు చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలే. రోజూ నీళ్ల గ్లాసు పెట్టేచోట అలాంటి పలక నిలవదు. అంచుకు అంటించిన పట్టీ సందులోంచి తడి దిగితే పొట్టు ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ అణగదు, స్క్రూ పట్టు వదులుతుంది. అందుకే రెండు బల్లలు నేనే చేయడానికి కూర్చున్నాను. ఒకటి అమ్మకు, ఒకటి మా గదికి.

చెక్కపని నాకు కొత్త కాదు. బడిలో క్రాఫ్ట్ సారు రంపం పట్టించారు. సెలవుల్లో మా ఊరి వడ్ల కాక కొట్టంలోనే పొద్దంతా గడిచేది. నాగళ్లు, గుంటుకలు, బండి చక్రాలు చేసే మనిషి ఆయన. ఉద్యోగంలో పడ్డాక పనిముట్లు అటకెక్కాయి. ఏళ్ల తర్వాత దించితే ఉలులకు తుప్పు పట్టింది, రంద అడుగు మాత్రం చదునుగానే ఉంది. కాబట్టి పని సానరాయి మీద మొదలైంది. ఉలి వీపు చదును చేసి, అంచు ముంజేతి వెంట్రుకను తెంపేదాకా నూరాలి. టేకు కోతకు సులువుగా వస్తుందని పేరు. కానీ దాని ఒంట్లో సిలికా ఉంటుంది, పదును త్వరగా తినేస్తుంది. పని మధ్యలో లేచి మళ్లీ మళ్లీ నూరడమూ పనిలో భాగమే. వడ్ల కాక పది రంద పట్లకోసారి బ్లేడు బయటికి తీసి చూసుకునేవాడు. ఆ అలవాటు విలువ ఇప్పుడు బాగా తెలుస్తోంది.

కలప కొనలేదు. ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు దాచిన దూలం ముక్కలు, ఒక దర్వాజ చట్రం ఉన్నాయి. గోదావరి అవతలి ఆదిలాబాద్ అడవి నుంచి బండ్ల మీద తెచ్చిన టేకని ఇంట్లో చెప్పుకునేవారు. మా ప్రాంతంలో ఇలాంటి కలప చాలానే చేతులు మారింది. మిడ్ మానేరు జలాశయం కింద మునిగే ఊళ్లు ఖాళీ చేసేటప్పుడు జనం దర్వాజలు, దూలాలు ఊడదీసుకుని పోయారు. కొంత కొత్త ఇళ్లకు చేరింది, కొంత పాత కలప దుకాణాలకు పోయింది. నా దృష్టిలో బల్లలాంటి చిన్న వస్తువుకు అదే సరైన కలప. దశాబ్దాలు ఎండి, వంగాల్సినంత వంగి నిలదొక్కుకున్న చెక్క అది. ఒక్క చిన్న బల్ల కోసం కొత్త చెట్టు పడాల్సిన పనిలేదు. ఆ ఆదిలాబాద్ వైపే జన్నారం చుట్టూ ఉన్న కవ్వాల్ టేకు అడవి 2012 నుంచి పులుల రిజర్వు. ఆదిలాబాద్ అడవుల మీద హక్కు కోసమే గోండు నాయకుడు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆదిలాబాద్ టేకు చేతిలోకి తీసుకునే ప్రతివాడూ దీన్ని గుర్తుంచుకోవాలని నా కోరిక.

పాత దూలంలో మేకులు దాగి ఉంటాయి. అయస్కాంతం మెల్లగా జరుపుతూ వెతికి, ఒక్కొక్కటీ పీకాకే రంపం దగ్గరికి తీసుకెళ్లాలి. పైపొర బూడిదరంగు, మసి. రంద రెండు పట్లు పడగానే అడుగున పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసిన రంగు బయటపడింది. నాలుగు రోజులు వెలుతురు తగిలితే అది తేనెరంగుకు తిరుగుతుంది. అంచుల్లో పాలిపోయిన చెక్కను కోసి తీసేశాను. చేవనైతే చెదలు సాధారణంగా ముట్టవు గాని ఆ తెల్లచెక్కను వదలవు.

ఎలాంటి బల్ల చేయాలన్నదానికి నాకు పుదుచ్చేరిలోని ఒక కట్టడం ఆదర్శం. అరవిందాశ్రమం వసతిగృహం అది. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ఇచ్చిన లక్ష రూపాయలు దానికి ఆధారం, అందుకే దాని పేరు గోల్కొండ. 1930ల చివర్లో అక్కడ పనిచేసిన జార్జ్ నకషిమా ఆ గదులకు టేకు సామాను గీశాడు. తర్వాత అమెరికాలో ప్రపంచమంతా గుర్తించే చెక్కపనివాడయ్యాడు. ఆ గదుల్లో మనిషికి కావలసిందే ఉంటుంది, అదనపు నగిషీ ఉండదు. మంచం పక్క బల్లకు అంతకుమించి అక్కర్లేదు. నాలుగు కాళ్లు, వాటిని కలిపే నాలుగు అడ్డపట్టీలు, పైన ఒక పలక చాలు.

ఆ కొద్దిపాటి వస్తువులోనే అసలు విద్య ఉంది. కాలికి రంధ్రం తొలిచి, పట్టీ కొసను కుసిగా చెక్కి అందులో దించాలి. కుసి మందం పట్టీ మందంలో మూడోవంతు ఉంటే రెండువైపులా బలం మిగులుతుంది. అరచేత్తో నెడితే దిగాలి, సుత్తితో మోదాల్సి వస్తే కాలు పగులుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి కీళ్లను స్పిరిట్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఫెవికాల్ పట్టించాలి.

పైపలక సంగతి వేరు. వానాకాలంలో తలుపులు బిగుసుకోవడం అందరికీ తెలుసు. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులో కదులుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి దాదాపు 6 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. ఎండాక కూడా మే నెల వేడికి ముడుచుకుంటుంది, ఆగస్టు తేమకు విచ్చుకుంటుంది. పలకను చుట్టూ మేకులతో బిగిస్తే ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. అందుకే పట్టీల లోపలివైపు గాడి తీసి, అందులో జరిగే చెక్క బిళ్లలతో పలకను పట్టి ఉంచాను. పైనుంచి చూసేవారికి ఇది కనిపించదు. బల్ల ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది మాత్రం ఇదే.

అమ్మ బల్లకు రెండు షరతులు. మొదటిది ఆమె మాటల్లోనే: "మూలలు గుండ్రంగ తియ్యి బిడ్డా, రాత్రి లేస్తే మోకాలికి తాకుతయి." రెండోది ఆమె చెప్పలేదు, ఆమె లేవడం చూసి నేను తెలుసుకున్నాను. పెద్దవాళ్లు మంచం మీది నుంచి లేస్తూ పక్కనున్న దేన్నయినా ఆనుకుంటారు. కాబట్టి ఆమె బల్ల పరుపు కంటే అంగుళం ఎత్తు, కాళ్లు రెండంగుళాల మందం, పైపలక కాళ్లను దాటి ముందుకు రాకుండా చేశాను. ముందుకు పొడుచుకొచ్చిన అంచు మీద బరువు వేస్తే బల్ల ఒరుగుతుంది. పాలిష్ పలుచగా చపడాతో, ఒక్కో పూత ఆరాక రేగ్‌మాల్‌తో రుద్దుతూ వేశాను. దాని మీద వేడి గిన్నె, తడి గ్లాసు మచ్చపడతాయి, కాబట్టి గ్లాసు కింద ఒక పళ్లెం తప్పనిసరి.

మా గది బల్లకు దర్వాజ చట్రం చెక్క మిగిలింది. దీనికి కాళ్లు సన్నంగా, కింద పుస్తకాలకు ఒక అర. వానలు పట్టుకోకముందే కుసులు చెక్కి బిగించాలి.