విపత్తు సాహిత్యంలో పేరు, లెక్క: ‘గాలివాన’, ‘కొయ్యగుర్రం’ – ఒక పరిశీలన

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అక్కడ 53 అడుగులకే చివరిదైన మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. ఈ కొలత నది ఎత్తును చెబుతుంది గాని, ఎవరి జీవితంలో ఏది మునిగిందో చెప్పదు. ఆ రెండవ లెక్కను తెలుగు సాహిత్యం ఎంతవరకు చెప్పగలిగిందన్నదే ఇక్కడి ప్రశ్న.

1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ను, విపత్తు అంతరాలను చెరిపివేసిన కథగా చదవడం సులభం. తుపాను రాత్రి రావుగారి సిద్ధాంతాలు కూలిపోయి, బిచ్చగత్తె సాన్నిహిత్యమే ఆయనకు ఆసరా అవుతుంది. కాని ముగింపు ఈ అన్వయానికి లొంగదు. మరణించిన ఆమె వద్ద తన పర్సును వదలదలచిన రావుగారు, ముందుగా తన పేరున్న కార్డులను అందులోంచి తీసివేస్తారు. ఆయనలోని మానవత్వం మేలుకొన్న మాట నిజమే. పరువు చెక్కుచెదరలేదన్నదీ అంతే నిజం. ఆమెకు మాత్రం కథలో పేరే లేదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ నేపథ్యంలో వెలువడిన నగ్నముని ‘కొయ్యగుర్రం’ ప్రశ్నను వ్యక్తి అంతరంగం నుండి వ్యవస్థ వైపు మళ్ళించింది. మరణాన్ని ప్రకృతి ఖాతాలో వేసి తప్పుకొనే పాలనను దోషిగా నిలబెట్టింది. పద్మరాజు విపత్తును నైతిక పరీక్షగా చూస్తే, నగ్నముని రాజకీయ నేరంగా చూశాడు.

రెండు రచనలకూ కేంద్రం ప్రళయ ఘడియే. విపత్తు ప్రభావం అంతటితో ఆగదు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో మునేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగాయి. నీరు తీసిన తరువాతే రెండవ విపత్తు మొదలవుతుంది: ఇళ్ళలో బురద, పొలంలో ఇసుక మేట, తడిసిన కాగితాలు, పిల్లల చదువుకు అంతరాయం, కొత్త అప్పు. నేలకొండపల్లి వంటి వ్యవసాయ ప్రాంతంలో పట్టా ఒకరిది, సేద్యం మరొకరిది అయినచోట, రికార్డులో పేరులేని కౌలుదారుకు పరిహారం అందడం కష్టం. ‘గాలివాన’లోని అనామకత్వమే ఇక్కడ దస్త్రాలలో కొనసాగుతున్నది.

కాబట్టి విపత్తు సాహిత్య విమర్శ ఉద్ధృతి వర్ణనను, కరుణరస పోషణను విలువకట్టడంతో సరిపెట్టుకోరాదు. నీరు తీసిన తరువాతి కాలానికి రచనలో చోటున్నదా, నష్టపోయినవారికి పేరున్నదా అని కూడా అడగాలి. ఆ ప్రశ్న అడగనంతకాలం నీటిమట్టం అడుగులే మన చరిత్రగా మిగులుతాయి.