సత్య అలక: మత్సరమా, అవమానమా?

నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ కోపాన్ని సవతి మత్సరంగా మాత్రమే పరిగణించడం పరిపాటి. రాయల దాంపత్య కలహాన్ని తీర్చడానికే ఈ ప్రబంధం పుట్టిందన్న ఐతిహ్యం ఆ దృష్టిని బలపరిచింది. కథాగమనం మాత్రం మరొకటి సూచిస్తుంది. శ్రీకృష్ణుడు రుక్మిణికి పువ్వునివ్వడం సత్య కళ్లారా చూడలేదు. చెలికత్తె నోట విన్నది. పువ్వు దక్కకపోవడం కన్నా, సవతులలో రుక్మిణిదే ఆధిక్యమన్న నారదుని పొగడ్త ఆమెను ఎక్కువగా గాయపరిచింది. పాదతాడనం దాకా నడిపించింది ఆ అవమానమే. తన్నును సహించిన భర్త ఓర్పు ఒక్కటే ఆ గాయాన్ని మాన్పలేదు. పారిజాత వృక్షాన్నే తెచ్చియిస్తానన్న మాట కావలసివచ్చింది. చివర పుణ్యకవ్రతంలో సత్య భర్తనే నారదునికి దానమిస్తుంది. దానమివ్వాలంటే ముందు అది తనదై ఉండాలి. పోయిందనుకున్న హక్కును ఆమె నలుగురి ఎదుట చాటుకొన్నది అక్కడే.